తగవు తీరని చరిత్రపై డాక్యుమెంటరీ: ఐదు పద్ధతుల్లో మీకు తగినది ఏది?

ఇంకా తగవు తీరని గతం మీద, ఆ గతం చుట్టూ నేటి మనుషులు నడుచుకొనే తీరు మీద డాక్యుమెంటరీ తీయాలనుకొనేవారిలో చాలామందికి విషయం దొరుకుతుంది, పద్ధతి దగ్గర అడుగు ఆగిపోతుంది. పాత ఫుటేజీ వెతికి తెచ్చి వ్యాఖ్యానం జోడించాలా, బతికున్న సాక్షులను మాట్లాడించాలా, ఏ ప్రశ్నా అడగకుండా నేటి జీవితాన్ని గమనిస్తూ పోవాలా, దొరకని దృశ్యాన్ని నటింపజేయాలా, లేక తమ కుటుంబం నుంచే కథ మొదలుపెట్టాలా? ఈ ఐదు దారుల్లోనూ మంచి సినిమాలు వచ్చాయి, ఐదింటిలోనూ చూసేవారిని తప్పుదోవ పట్టించినవీ వచ్చాయి. అందువల్ల ఏ పద్ధతి గొప్పదన్న చర్చ జోలికి పోకుండా, మీ చేతిలోని విషయానికి ఏది తగుతుందో తేల్చుకోవడానికి పనికొచ్చే కొలమానాలను ముందుగా చెప్పి, తరువాత ఒక్కొక్కదాన్ని వాటితో కొలిచి చూస్తాను.

## ముందుగా తేల్చుకోవలసినవి

అన్నిటికంటే ముందు అడగవలసిన ప్రశ్న, తగవు దేని మీద అన్నది. కొన్నిచోట్ల అసలు ఆ ఘటన జరిగిందా లేదా అన్నదే వివాదం. కొన్నిచోట్ల జరిగిందని అందరూ ఒప్పుకొంటారు గాని, ఎవరు చేశారు, ఎవరి ఆజ్ఞతో చేశారు అన్నచోట విడిపోతారు. మరికొన్నిచోట్ల అదీ తేలిపోయి ఉంటుంది; దాన్ని ఏ పేరుతో పిలవాలి, స్మారకం కట్టాలా వద్దా, పిల్లల పాఠంలో ఎన్ని పేజీలు ఉండాలి అన్నదే మిగులుతుంది. మొదటి రకానికి తేదీలు, స్థలాలు, పత్రాలు కావాలి. మూడో రకానికి నేటి మనుషుల మాటలు, చేతలే ఆధారం. ఈ తేడా చూసుకోకుండా బయలుదేరితే, పేరు గురించి పట్టుబడుతున్న రెండు వర్గాల ముందు జరిగిందన్న రుజువులు గుట్టలుగా పోసి ఒక్కరినీ కదిలించలేని సినిమా తయారవుతుంది.

ఆ తరువాత, ఏమి మిగిలి ఉందో, దాన్ని ఎవరు భద్రపరిచారో చూడాలి. అధికారంలో ఉన్నవారి దగ్గరే కెమెరాలు ఉన్న కాలంలో మిగిలిన దృశ్యాలు వారి చూపునే చూపిస్తాయి. మాట్లాడినందువల్ల ఎవరికి హాని కలగవచ్చో కూడా అప్పుడే ఆలోచించాలి, ఎందుకంటే కెమెరా ముందుకు వచ్చినవారు సినిమా విడుదలయ్యాక కూడా అదే వీధిలో, అదే పొరుగువారి మధ్య బతకాలి. డబ్బు, కాలం ఎన్ని ఉన్నాయన్నది ఎలాగూ లెక్క వేసుకుంటారు కనుక దాని గురించి ఇక్కడ ఎక్కువ చెప్పను.

నా దృష్టిలో అన్నిటికంటే బరువైన కొలమానం మరొకటి ఉంది: మీతో ఏకీభవించని ప్రేక్షకుడు మీరు చూపినదాన్ని తానుగా సరిచూసుకోగలడా? ఈ షాట్ ఎక్కడిది, ఈ మాట అన్నవ్యక్తి ఆనాడు ఎక్కడున్నాడు, ఈ దృశ్యం అసలుదా నటించినదా అన్న ప్రశ్నలకు సినిమాలోనే జవాబు దొరికితే అతడు కనీసం వాదించడానికైనా కూర్చుంటాడు. దొరకకపోతే లేచిపోతాడు, అతడు లేచిపోవడానికి మనమే కారణం చూపించినవాళ్లం అవుతాం. కింది అయిదు పద్ధతుల మీద నా తీర్పులన్నీ ఈ ప్రశ్న నుంచే వచ్చాయి.

## పాత ఫుటేజీ, దస్త్రాలు

చూసేవారు అందరికంటే త్వరగా నమ్మేది దీన్నే. అసలు దృశ్యం కళ్లముందు కనిపిస్తున్నప్పుడు అనుమానించాలన్న ఆలోచన రాదు. అందుకే ఈ పద్ధతిలో జాగ్రత్త అన్నిటికంటే ఎక్కువ కావాలి.

1942లో నాజీ చిత్రబృందం పోలండ్‌లోని వార్సా గెట్టోలో (యూదులను బంధించి ఉంచిన పేటలో) తీసిన మూగ ఫుటేజీని అక్కడి జీవితానికి సాక్ష్యంగా దశాబ్దాలపాటు వాడుకొన్నారు. 1998లో బయటపడిన మరో రీలులో అవే దృశ్యాలను మళ్లీ మళ్లీ తీయించిన ఆనవాళ్లు కనిపించాయి. 2010లో వచ్చిన ‘ఎ ఫిల్మ్ అన్‌ఫినిష్డ్’ ఆ ఫుటేజీని తెరమీదే పరీక్షకు పెట్టింది. మొదటి ప్రపంచయుద్ధంలోని సోమ్ పోరుపై 1916లో బ్రిటన్‌లో విడుదలైన చిత్రంలో సైనికులు కందకం దాటి దూకే ప్రసిద్ధ దృశ్యం యుద్ధరంగానికి దూరంగా నటింపజేసినదని చరిత్రకారులు చెబుతారు. రష్యా విప్లవం పదేళ్ల సందర్భంగా ఐసెన్‌స్టయిన్ తీసిన కథాచిత్రం ‘అక్టోబర్’లో శీతాకాల ప్రాసాదంపై దాడి దృశ్యం 1917 నాటి అసలు ఫుటేజీగా ఎన్నోచోట్ల చెలామణి అయింది. ఇవి మూడూ వేర్వేరు తప్పులు. మొదటిది శత్రువు అబద్ధం, రెండోది దేశభక్తితో చేసిన సర్దుబాటు, మూడోది తరువాతివారి అజాగ్రత్త. మీ చేతికి వచ్చిన రీలులో వీటిలో ఏది దాగి ఉందో మీరే వెతకాలి.

అందువల్ల ప్రతి షాటుకూ ఒక వరుస రాసి పెట్టుకోవాలి: ఎవరు తీశారు, ఎవరి కోసం తీశారు, ఎప్పుడు, ఎక్కడ, ఏ భాండాగారంలో ఏ సంఖ్య కింద ఉంది. వీటిలో రెండింటికి కూడా జవాబు లేని షాటును, అది ఎంత అందంగా ఉన్నా, సాక్ష్యంగా వాడకూడదు. ఒక ఊరి పేరు చెబుతూ మరో ఊరి దృశ్యం వేయడం వార్తాఛానెళ్లలో మామూలే గాని, వివాదాస్పద చరిత్రలో ఆ ఒక్క షాటు పట్టుబడితే మిగతా గంటన్నర సినిమానూ ఎవరూ నమ్మరు.

రంగులు వేయడం గురించి అడిగేవారు ఎక్కువయ్యారు. 2018లో వచ్చిన ‘దే షల్ నాట్ గ్రో ఓల్డ్’ మొదటి ప్రపంచయుద్ధపు ఫుటేజీకి రంగు, ధ్వని చేర్చింది, చేతితో తిప్పే కెమెరాల వల్ల ఎగుడుదిగుడుగా ఉన్న వేగాన్ని సరిచేసింది. వేగం సరిచేయడంలో నాకు అభ్యంతరం లేదు, ఎందుకంటే ఆనాటి మనుషులు గబగబా బొమ్మల్లా నడవలేదు. రంగు మాత్రం ఊహతో కూడినది. ఆ చొక్కా ఎరుపా నీలమా అన్నదే ఒక పార్టీ గుర్తుగా మారే తగవుల్లో రంగు వేయకపోవడమే మేలని నా అభిప్రాయం. యంత్రం చేత పుట్టించిన గొంతులు, ముఖాల విషయంలో నా మాట ఇంకా గట్టిది. 2021లో ‘రోడ్‌రన్నర్’ అనే డాక్యుమెంటరీ, చనిపోయిన వ్యక్తి రాసిన వాక్యాలను ఆయన గొంతులాగే పుట్టించి వినిపించి, ఆ సంగతి సినిమాలో చెప్పకపోవడంతో విమర్శలు ఎదుర్కొంది. తగవు లేని ఒక జీవితకథకే అంత నష్టం జరిగితే, తగవున్న చరిత్రకు ఎంత జరుగుతుందో ఊహించుకోవచ్చు.

ఖర్చు దగ్గరకు వస్తే, భాండాగారాలు సాధారణంగా నిడివిని బట్టి, ఎన్ని దేశాల్లో, ఎన్నేళ్లు, ఏ మాధ్యమంలో చూపుతారన్నదాన్ని బట్టి రుసుము వసూలు చేస్తాయి. గుర్తు ముద్రించిన నమూనా ప్రతులతో ఎడిటింగ్ పూర్తిచేసి, చివరికి మిగిలిన షాట్లకు మాత్రమే లైసెన్సు తీసుకోవడం పాత అలవాటు, మంచి అలవాటు.

## సాక్షుల మాట

ఫుటేజీ లేనిచోట, లేదా ఉన్న ఫుటేజీ అంతా ఒక పక్షానిదే అయినచోట, సాక్షి గొంతే ఆధారం. క్లోద్ లాంజ్‌మన్ సుమారు పదకొండేళ్లు శ్రమించి 1985లో విడుదల చేసిన ‘షోవా’, నాజీలు సాగించిన యూదుల ఊచకోతపై తొమ్మిదిన్నర గంటల సినిమా; అందులో పాత ఫుటేజీ ఒక్కటీ లేదు, బతికినవారు, చూసినవారు, చేసినవారు చెప్పిన మాటలు, నేటి స్థలాలు మాత్రమే ఉన్నాయి. మార్సెల్ ఒఫ్యూల్స్ 1969లో పూర్తిచేసిన ‘ద సారో అండ్ ద పిటీ’ ఒక్క ఫ్రెంచి పట్టణాన్ని కేంద్రంగా తీసుకొని, జర్మన్ ఆక్రమణ కాలంలో ఎదిరించినవారిని, సహకరించినవారిని, ఏమీ చేయనివారిని మాట్లాడించింది. దేశమంతా ఎదిరించిందన్న నమ్మకానికి అది దెబ్బ కావడంతో ఫ్రెంచి టెలివిజన్ దాన్ని 1981 వరకు ప్రసారం చేయలేదు.

జ్ఞాపకం తప్పుతుంది కదా అన్న అభ్యంతరం నిజమే. ఇటలీలోని తెర్ని పట్టణంలో 1949 మార్చిలో ఒక యువ ఉక్కు కార్మికుడు పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. మౌఖిక చరిత్రకారుడు అలెస్సాండ్రో పోర్టెల్లి దశాబ్దాల తరువాత అక్కడివారిని అడిగితే, చాలామంది ఆ మరణాన్ని 1953లో జరిగిన ఉద్యోగాల తొలగింపు నాటి ఘర్షణలో జరిగినట్లు చెప్పారు. తేదీ తప్పు, అయితే అంత అర్థం లేని మరణాన్ని తమ బతుకులోని పెద్ద పోరాటానికి ముడివేసుకోవడంలో వారికి కావలసిన నిజం ఉంది. సినిమా తీసేవారు ఇలాంటి చోట తప్పును కత్తిరించి పారేయకూడదు, సరిదిద్దకుండా వదిలేయనూ కూడదు. మాటను ఉంచి, పక్కనే ఆనాటి దినపత్రిక తేదీని చూపితే, గతమూ వర్తమానమూ ఒకే చట్రంలో కనిపిస్తాయి. ఈ రకపు సినిమాకు అంతకంటే విలువైన క్షణం ఉండదు.

ఇంటర్వ్యూలో మూడింటిని విడదీసి అడగాలి: మీరు ఎక్కడ నిలబడి ఉన్నారు, మీ కంటితో ఏమి చూశారు, తరువాత ఎవరి ద్వారా ఏమి విన్నారు. ఈ మూడూ కలిసిపోయిన సాక్ష్యం సినిమాలో బలంగా వినిపించినా వాదనలో నిలవదు. ఇరుపక్షాలకూ సమానంగా నిమిషాలు కేటాయించడమే న్యాయమనుకొనే పొరపాటు గురించీ ఒక మాట చెప్పాలి. రుజువులున్న మాటకూ రుజువు లేని మాటకూ చెరి పది నిమిషాలు ఇస్తే, ఆ రెండూ ఒకే బరువున్నవని దర్శకుడే చెప్పినట్లవుతుంది. సమానంగా ఇవ్వవలసింది నిమిషాలు కాదు, ప్రశ్నలు. ఇద్దరినీ అదే గట్టితనంతో అడగాలి.

## నేటి ప్రవర్తనను గమనించడం

తగవు మూడో రకానిదైతే, అంటే పేరు మీద, స్మరణ మీద అయితే, నేను మొదట సూచించేది ఇదే. 1960 ప్రాంతంలో భుజాన మోయగల కెమెరా, దానితో కలిసి నడిచే ధ్వనిముద్రణ యంత్రం వచ్చాక ఈ పద్ధతి సాధ్యపడింది. స్మారకం దగ్గర ఎవరు తల వంచుతున్నారు, ఎవరు ఫోనులో ఫొటో తీసుకొని వెళ్లిపోతున్నారు, తరగతిలో ఉపాధ్యాయుడు ఏ పేరా దగ్గర గొంతు తగ్గిస్తున్నాడు, వార్షిక ఊరేగింపులో ఏ వీధిని తప్పించి వెళుతున్నారు అన్నవి ఏ ఇంటర్వ్యూలోనూ బయటపడవు.

జాన్ రూష్, ఎడ్గార్ మోరాన్ 1960 వేసవిలో పారిస్‌లో తీసి 1961లో విడుదల చేసిన ‘క్రానికల్ ఆఫ్ ఎ సమ్మర్’ ఇక్కడ చూడదగ్గది. నువ్వు సంతోషంగా ఉన్నావా అన్న మామూలు ప్రశ్నతో మొదలైన ఆ సినిమాలో, మార్సెలీన్ లోరిదాన్ ధ్వనిముద్రణ యంత్రాన్ని తానే మోసుకుంటూ పారిస్ వీధుల్లో ఒంటరిగా నడుస్తూ, నాజీ నిర్బంధ శిబిరానికి తనతో పాటు తీసుకుపోయిన తండ్రిని తలచుకొంటుంది. కెమెరా ఆమెకు దూరంగా ఉంటుంది. నేటి ప్రవర్తన గురించి మొదలుపెట్టిన సినిమాలోకి చరిత్ర తనంతట తానే నడిచి వచ్చిన తీరు అది. చివర్లో తీసిన భాగాలను పాల్గొన్నవారికే చూపి, వారి విమర్శను కూడా సినిమాలో చేర్చారు. ఆ పని ఎవరైనా చేయవచ్చు, దానికి అదనంగా డబ్బు అక్కరలేదు.

ఈ పద్ధతికి కాలమే పెట్టుబడి. 1964లో బ్రిటన్‌లో ఏడేళ్ల పిల్లలు పద్నాలుగు మందితో మొదలైన ‘సెవెన్ అప్’ వరుస, ఏడేళ్లకొకసారి వారి దగ్గరికి తిరిగి వెళుతూ 2019 దాకా సాగింది. పద్నాలుగు మందిలో ఆడపిల్లలు నలుగురే కావడం మొదట్లో తీసినవారికి లోటుగా తోచలేదు. ఆ ఎంపికే ఆనాటి సమాజపు చూపుకు సాక్ష్యంగా మిగిలింది. ఆనంద్ పట్వర్ధన్ ‘జై భీమ్ కామ్రేడ్’కు పద్నాలుగేళ్లు పట్టి 2011లో విడుదలైంది. అంత కాలం మీకు లేకపోయినా, ఘటన జరిగిన రోజును వదిలి తరువాతి నెలలను పట్టుకోవచ్చు. 2020 జూన్‌లో బ్రిస్టల్‌లో బానిస వ్యాపారి కోల్‌స్టన్ విగ్రహాన్ని కూలదోసి రేవునీటిలో పడవేసిన దృశ్యాన్ని ఎన్నో ఫోన్లు తీశాయి. మరో కెమెరా అక్కడ చేయగలిగింది తక్కువ. మరుసటి ఏడాది అదే విగ్రహాన్ని రంగు మరకలతోనే పడుకోబెట్టి మ్యూజియంలో ఉంచి, చూసేవారి అభిప్రాయం అడిగినప్పుడు, దాని ముందు మనుషులు ఎంతసేపు నిలబడ్డారు, ఎవరితో ఏమన్నారు అన్నది ఓపికగల కెమెరా మాత్రమే పట్టుకోగలిగిన విషయం.

లోపాలూ ఉన్నాయి. వ్యాఖ్యానం లేని దృశ్యాన్ని ఎవరికి వారు తమ నమ్మకానికి అనుకూలంగా చదువుకొంటారు. చరిత్ర తెలియని ప్రేక్షకుడికి ఆ వీధిని ఎందుకు తప్పించారో అర్థం కాదు. సమ్మతి చిక్కు మరీ పెద్దది: ఫ్రెడరిక్ వైజ్‌మన్ 1967లో మసాచుసెట్స్‌లోని ఒక మానసిక రోగుల కారాగారంపై తీసిన ‘టిటికట్ ఫాలీస్’ సాధారణ ప్రదర్శనను, అందులోని రోగుల గోప్యత పేరిట, ఆ రాష్ట్రపు కోర్టులు 1991 వరకు అనుమతించలేదు.

## పునర్నటన, యానిమేషన్

దృశ్యం లేదు, సాక్షులు లేరు, లేదా ఉన్న సాక్షులు పరస్పరం పొసగని మాటలు చెబుతున్నారు. అలాంటప్పుడు నటింపజేయడం తప్పు కాదు, కాని ఏమి నటింపజేస్తున్నారన్నది ముఖ్యం. ఎర్రల్ మోరిస్ 1988లో తీసిన ‘ద థిన్ బ్లూ లైన్’ ఒక పోలీసు అధికారి హత్యకు గురైన ఘటనను పదేపదే నటింపజేస్తుంది, ఒక్కో సాక్షి చెప్పిన ప్రకారం ఒక్కో విధంగా. నిజంగా ఇలా జరిగింది అని ఏ దృశ్యమూ అనదు; మాటల మధ్య అతకని చోట్లే కనిపిస్తాయి. ఆ కేసులో శిక్షపడిన వ్యక్తి 1989లో విడుదలయ్యాడు. పునర్నటనకు నేను ఇచ్చే మొదటి నియమం అక్కడి నుంచే: జరిగినదాన్ని కాదు, చెప్పినదాన్ని నటింపజేయండి.

చేసినవారి చేతనే నటింపజేయడం మరో దారి. రితీ పాన్ 2003లో తీసిన ‘ఎస్ 21’లో కంబోడియాలోని ఖ్మేర్ రూజ్ పాలన నాటి కారాగారపు పాత కాపలాదారు అదే గదిలో తన రోజువారీ పనిని చేసి చూపుతాడు; శరీరానికి గుర్తున్నది నోటికి గుర్తులేదని అక్కడ తెలుస్తుంది. జాషువా ఓపెన్‌హైమర్ 2012లో తీసిన ‘ది యాక్ట్ ఆఫ్ కిల్లింగ్’లో ఇండోనేషియాలో 1965-66లో కమ్యూనిస్టులన్న ముద్ర వేసి సామూహిక హత్యలు చేసినవారు తమ పనులను సినిమా దృశ్యాలుగా నటిస్తారు, స్థానిక సిబ్బందిలో చాలామంది భద్రత కోసం టైటిళ్లలో అనామకులుగానే ఉండిపోయారు. ఈ దారి నేటి సామాజిక ప్రవర్తనను కూడా బయటపెడుతుంది, ఎందుకంటే హంతకుడు గర్వంగా నటించగలిగిన సమాజం ఎలాంటిదో ప్రేక్షకుడికి కనిపిస్తుంది. అయితే బాధితుల కుటుంబాలు దాన్ని ఎలా చూస్తాయన్న ప్రశ్నకు సిద్ధమైన జవాబు లేనివారు ఈ పని తలపెట్టవద్దు.

యానిమేషన్, మట్టిబొమ్మలు ఒక విధంగా నిజాయితీగలవి, ఎందుకంటే వాటిని ఎవరూ అసలు ఫుటేజీ అనుకోరు. రితీ పాన్ 2013లో తీసిన ‘ద మిస్సింగ్ పిక్చర్’ దొరకని దృశ్యాల స్థానంలో మట్టిబొమ్మలను నిలబెట్టింది. పొరపడే ప్రమాదం అన్నిటికంటే ఎక్కువగా ఉండేది, అసలు ఫుటేజీని పోలినట్లు గీతలు, మసక చేర్చి తీసిన నటనతో. అలా చేయవలసి వస్తే తెరమీద ఆ సంగతి రాయాలి.

## తన కథగా చెప్పడం

మీ తాత అటువైపు ఉన్నవాడైతే, లేదా మీ ఇల్లే ఖాళీ చేయించిన ఇల్లయితే, దాన్ని దాచి తటస్థంగా మాట్లాడటం కంటే ముందే చెప్పడం మేలు. చూసేవారికి మీరు ఎక్కడ నిలబడి మాట్లాడుతున్నారో తెలుస్తుంది. ఒక కుటుంబాన్ని మొత్తం సమాజానికి ప్రతినిధిగా చూపే తొందర దీనికున్న ఏకైక పెద్ద ప్రమాదం.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| పద్ధతి | ఏ తగవుకు తగును | ఎక్కువ ఖర్చయ్యేది | ప్రధాన ప్రమాదం | వ్యతిరేకి సరిచూసుకోగలడా |
|---|---|---|---|---|
| పాత ఫుటేజీ, దస్త్రాలు | జరిగిందా లేదా | లైసెన్సు రుసుము | తీసినవారి చూపు మనదైపోవడం | షాటు వివరాలు తెరమీద ఉంటే బాగా |
| సాక్షులు | ఎవరు, ఎందుకు | ప్రయాణాలు, అనువాదం | మాట్లాడినవారికి హాని | చూసినదీ విన్నదీ విడిగా చెబితే |
| పరిశీలన | పేరు, స్మరణ | కాలం, ఎడిటింగ్ | సమ్మతి, సందర్భం తెలియకపోవడం | పాక్షికంగా |
| పునర్నటన, యానిమేషన్ | పొసగని సాక్ష్యాలు | నిర్మాణం | నటనను నిజమనుకోవడం | మూలం చెబితేనే |
| తన కథ | ఏదైనా, చిన్న పరిధిలో | తక్కువ | ఒక్కరిని అందరిగా చూపడం | దర్శకుడి స్థానం తెలుస్తుంది గనుక కొంతవరకు |

## ఎవరికి ఏది

ఒంటరిగా మొదటి సినిమా తీస్తున్నవారు, చేతిలో ఒక కెమెరా, ఒక మంచి మైకు మాత్రమే ఉన్నవారు, ఒక్క స్థలాన్ని ఎంచుకొని పరిశీలనతో మొదలుపెట్టి, నలుగురు సాక్షులకు మించకుండా చేర్చుకొంటే సరిపోతుంది. లైసెన్సుల గొడవలోకి దిగితే ఉన్న డబ్బంతా పది నిమిషాల ఫుటేజీకే పోతుంది. ఒక దస్త్రాన్ని చూపాలంటే, దాన్ని చదివి వినిపించే మనిషిని తీయండి. చదువుతున్న ముఖం దస్త్రం కంటే ఎక్కువ చెప్పిన సందర్భాలు ఉంటాయి.

ఆ సమాజానికి చెందనివారు, భాష అరువు తెచ్చుకొన్నవారు, పరిశీలనను నమ్ముకోవద్దు. మౌనానికి అర్థం తెలియని కంటికి ఊరేగింపు వట్టి ఊరేగింపుగానే కనిపిస్తుంది. సాక్షుల మాటతో మొదలుపెట్టి, స్థానికులైన సహచరులకు ఎడిటింగ్ గదిలో నిజమైన అధికారం ఇవ్వాలి. ఆ సమాజంలోనే పుట్టినవారి కష్టం మరో రకం. అందరూ తెలిసినవారే కనుక తలుపులు తెరుచుకుంటాయి, అదే కారణంగా కొన్ని ప్రశ్నలు గొంతులోనే ఆగిపోతాయి. వారు ఆ ప్రశ్నలను ముందుగానే రాసుకొని, ఇంటర్వ్యూ చేసే పనిని ఒక్కోసారి బయటివారికి అప్పగించడం మంచిది.

తరగతి గదుల కోసం తీసేవారికి పాత ఫుటేజీయే ఎక్కువ ఉపయోగం, కాని ఫుటేజీని చదవడం నేర్పేలా తీయాలి: ఒకే షాటును మొదట వ్యాఖ్యానం లేకుండా, తరువాత ఎవరు ఎందుకు తీశారో చెప్పి మళ్లీ చూపితే, విద్యార్థి ఆ ఘటనతో పాటు అనుమానించే అలవాటునూ నేర్చుకొంటాడు. సాక్షులకు ప్రాణభయం ఉన్నచోట పనిచేసేవారు ముఖం మసకబరచడంతో ఆగకూడదు, ఎందుకంటే గొంతు, ఇంటి గోడ, నడక కూడా మనిషిని పట్టిస్తాయి. అక్కడ యానిమేషన్ లేదా మరొకరు చదివిన సాక్ష్యమే సరైన దారి.

పద్ధతులను కలపవచ్చు, చాలా మంచి సినిమాలు కలిపినవే. ఆరి ఫోల్మన్ 2008లో తీసిన ‘వాల్ట్జ్ విత్ బషీర్’ యానిమేషన్‌లో సాగి, చివర్లో 1982 లెబనాన్ శిబిరాల ఊచకోత తరువాతి అసలు ఫుటేజీకి మారుతుంది. ఆ మార్పు ప్రేక్షకుడికి స్పష్టంగా తెలుస్తుంది కనుకే దానికి అంత బలం. ఒక పద్ధతి ఎక్కడ ఆగి మరొకటి ఎక్కడ మొదలైందో తెలియకుండా కలిపితే, పైన చెప్పిన కొలమానం పూర్తిగా దెబ్బతింటుంది.

## ఇంకా తేల్చుకోలేకపోతే

చిత్రీకరణకు పద్ధతి పూర్తిగా తేలేదాకా ఆగనక్కరలేదు. అందరికంటే వయసు మీరిన సాక్షి దగ్గరికి ఈ వారమే వెళ్లి, సినిమాలో వాడినా వాడకపోయినా, మాట మొత్తం రికార్డు చేసి, రాతప్రతి చేయించి, ఒక ప్రతి వారికి ఇవ్వండి. భాండాగారాల్లో రీళ్లు మరో ఏడాది కూడా ఉంటాయి. తరువాత రాబోయే వార్షిక దినాన్ని తీయండి, ఎందుకంటే దాన్ని వదులుకుంటే మళ్లీ ఏడాది ఆగాలి. ఈ రెండూ ఎడిటింగ్ బల్ల మీద పక్కపక్కన పెట్టి చూసినప్పుడు, వాటి మధ్య ఏమి లోటుగా ఉందో కనిపిస్తుంది. ఫుటేజీ కొనాలా, నటింపజేయాలా, మీ గొంతు చేర్చాలా అన్నది ఆ లోటును బట్టి నిర్ణయించండి. సమ్మతి పత్రంలో మాత్రం మొదటి రోజు నుంచే ఒక తేదీ రాయండి: సినిమాకు తుది రూపు వచ్చాక, విడుదలకు ముందు, తమ భాగాన్ని చూసి కారణం చెప్పకుండానే ఉపసంహరించుకొనే హక్కు సాక్షికి ఏ రోజు వరకు ఉంటుందో అందులో స్పష్టంగా ఉండాలి.